కాలు కింద పెట్టనివాడు

రైలు గేటు తీసేస్తున్నారన్న సంగతి టైపిస్టమ్మకు అన్నయ్యే ఫోన్ చేసి చెప్పాడు. అరవై ఏడేళ్ళ మనిషి, గొంతులో మాత్రం ఆటల పోటీలకు పేరిచ్చి వచ్చిన పిల్లవాడి హుషారు.

"చెల్లీ, శనివారం పొద్దున తొమ్మిదింటి బండికే గేటు ఆఖరుసారి పడేది. ఆ తర్వాత ఓవర్ బ్రిడ్జి తెరిచేస్తారు. పాతవాళ్ళందరం సైకిళ్ళు వేసుకుని గేటు దగ్గర చేరుతున్నాం. మన గేట్‌మ్యాన్ లేడూ, ఆయనా వస్తున్నాడు. దాచుకున్న పచ్చజెండా నాకే ఇస్తాడట. నిలుపు ఛాంపియన్‌ని కదా మరి!"

"ఎవరెవరు వస్తున్నారు?"

"కవర్లవాళ్ళు, వంపువాళ్ళు, మిగిలున్నవాళ్ళంతా."

"బరువులవాళ్ళు?"

"వాళ్ళనెవరు పిలుస్తారు!" అని నవ్వేసి, మోకాళ్ళ నూనె సంగతి ఎత్తుకున్నాడు.

ఆఫీసులో టైపు మిషన్లు మాయమై ఎన్నేళ్ళో అయింది, ఆవిడ రిటైరై నాలుగేళ్ళయింది, అయినా తెలిసినవాళ్ళకు ఆవిడ ఇంకా టైపిస్టమ్మే. ఆ పేరంటే ఆవిడకు ఇష్టమే. కాకపోతే ఆ పేరుతో తనను మొదట పిలిచిన మనిషి గుర్తొచ్చినప్పుడల్లా నోట్లో చేదుగా ఉంటుంది.

ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు గాని, ఆ రోజుల్లో సైకిల్ తొక్కేవాళ్ళంతా ఒకటే అనుకుంటే పొరపాటు. పైన ఉన్నవాళ్ళు కవర్లవాళ్ళు. అంటే చైనుకు ఇటు చివరి నుంచి అటు చివరి దాకా రేకు కవరున్న నల్ల సైకిళ్ళవాళ్ళు. గుమస్తాలు, మాస్టర్లు, బ్యాంకువాళ్ళు. ఎదుటి మనిషి కుడి పాంటు అంచు చూసి వాడి స్థాయి చెప్పేసేవారు. అంచుకు గ్రీజు మరక కనబడిందా, వాడితో మాట రెండు ముక్కల్లో ముగిసేది. రెండోవాళ్ళు వంపువాళ్ళు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, మడ్‌గార్డు లేదు, బెల్లు లేదు. స్టాండు ఉండటం కూడా వాళ్ళకు నామోషీ. గోడ దొరికితే ఆనించేవారు, దొరక్కపోతే సైకిల్ పట్టుకుని నిలబడే ఉండేవారు, కాళ్ళు లాగేసినా సరే. కవర్లవాళ్ళ లెక్కన వంపువాళ్ళు పనీపాటా లేని జులాయిలు. వంపువాళ్ళ లెక్కన కవర్లవాళ్ళు కుర్చీకి చక్రాలు తగిలించుకున్న ముసలాళ్ళు. ఇద్దరికీ కుదిరిన మాట ఒక్కటే ఉండేది. పాలు, రొట్టెలు, గుడ్లు మోసుకుపోయే బరువులవాళ్ళది అసలు సైకిలే కాదు, బండి.

ఈ మూడు రకాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకోక తప్పని చోటు రైలు గేటు. పొద్దున తొమ్మిదింటి బండికి గేటు పడేది. ముందు వరస వంపువాళ్ళది, కుడివైపు చెట్టు నీడ కవర్లవాళ్ళది, వెనక ఎండ బరువులవాళ్ళది. ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు.

అక్కడే నిలుపు అనే ఆట పుట్టింది. గేటు ముందు నేల పట్టాల వైపు కాస్త ఎగువ. ముందు చక్రం పక్కకు తిప్పి పెడల్ వత్తితే సైకిల్ బెత్తెడు పైకి పోతుంది, పట్టు సడలిస్తే బెత్తెడు వెనక్కి జారుతుంది. ఆ బెత్తెడులోనే ఊగుతూ, కాలు కింద పెట్టకుండా, గేటు లేచేదాకా ఉండాలి. కాలు పెట్టినవాడు సైకిల్ దిగి నడిపించుకుంటూ పట్టాలు దాటాలి. పెట్టనివాడు దర్జాగా ఎక్కి తొక్కుతూ దాటేవాడు, గేట్‌మ్యాన్ వాడి వైపు పచ్చజెండా ఊపేవాడు. కవర్లవాళ్ళూ ఈ పందెంలో దిగేవారు, పైకి మాత్రం ఊరికే అలా నిలబడ్డామన్నట్టు ముఖం పెట్టేవారు. ఆడవాళ్ళకు మినహాయింపు. ఆ గేటులో సైకిల్ తొక్కే ఆడమనిషి ఆవిడొక్కతే కాబట్టి, ఆ మినహాయింపు ఆవిడొక్కదాని కోసమే. కాలు పెట్టినా ఎక్కే దాటేది.

ఆవిడకప్పుడు ఇరవై రెండేళ్ళు. వెనక చక్రానికి చీర చిక్కకుండా జాలీ, చైనుకు నిండు కవరు, నిగనిగలాడే కొత్త సైకిల్. హెడ్ క్లర్కయిన నాన్న కొనిచ్చి, "చెట్టు కింద నా పక్కన నిలబడు. అటూ ఇటూ చూడకు," అన్నాడు. అన్నయ్య మాత్రం నాన్నకు కంటగింపుగా వంపు హ్యాండిల్‌తో ముందు వరసలో ఉండేవాడు. వారంలో నాలుగు రోజులు జెండా అన్నయ్యదే. ఒకసారి తేలికపాటి కొత్త చక్రాలు వేయించుకుని, వాటితో నిలుపు కుదరక పెరట్లో పదిహేను రోజులు కిందా మీదా పడ్డాడు. అమ్మ వాకిట్లో నిలబడి, "నీ సర్కసు పాడుగాను, ఆ మొక్కలైనా వదలరా," అని తిట్టేది.

ఒక పొద్దున గేటు దగ్గర ఆవిడ చైను పడిపోయింది. నిండు కవరుతో అదే తంటా. మామూలు సైకిలైతే చేత్తో ఎగదోస్తే సరి, దీనికి అయిదు స్క్రూలు విప్పాలి. చెట్టు కింద కవర్లవాళ్ళంతా వంగి చూసి, తలలు ఊపి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు. నాన్న కూడా. ఆ వేళ్ళకు గ్రీజు అంటితే ఇంకేమన్నా ఉందా! వంపువాళ్ళు పళ్ళికిలించారు. అప్పుడు వెనక ఎండలోంచి ఒకతను వచ్చాడు. క్యారియర్‌కు రెండు పక్కలా ఊక నింపిన చెక్క పెట్టెల్లో గుడ్లు మోసే మనిషి. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, కవరు విప్పి, చైను ఎక్కించి, మళ్ళీ బిగించి, గుడ్డపీలికతో కవరు మీది తన వేలిముద్రలు కూడా తుడిచేశాడు.

"అయిపోయిందండీ, టైపిస్టమ్మా."

"నేను టైపిస్టునని మీకెలా తెలుసు?"

"హ్యాండిల్ మీద వేళ్ళు ఆడిస్తూ ఉంటారు కదండీ రోజూ."

ఆ రోజు నుంచి ఆవిడకు అటూ ఇటూ చూడటం అలవాటైంది. ముఖ్యంగా వెనక్కి. అతని పెట్టెలు చూసేది, అతని చేతులు చూసేది, అతను అందరికంటే మెల్లగా మాట్లాడటం వినేది. అలా చూస్తూ చూస్తూ ఒక పొద్దున అతని కాళ్ళు చూసింది. రెండూ పెడళ్ళ మీదే ఉన్నాయి. గేటు పడ్డప్పటి నుంచీ ఉన్నాయి. బండి వచ్చింది, పోయింది, గేటు లేచింది. అప్పుడు నింపాదిగా దిగి, సైకిల్ నడిపించుకుంటూ పట్టాలు దాటాడు.

ఆవిడ మర్నాడూ చూసింది. ఆ మర్నాడూ చూసింది. నెలన్నర పాటు ఒక్క రోజు కూడా అతను కాలు కింద పెట్టలేదు. ఎక్కి దాటితే పట్టాల కుదుపుకు గుడ్లు మిగలవు కాబట్టి దిగి నడిచేవాడు, అంతే. నడిచేవాడల్లా ఓడినవాడే అని లెక్క కనుక, అతనూ రోజూ ఓడినవాళ్ళలో కలిసిపోయేవాడు. ఆ సంగతి తనొక్కదానికే తెలుసన్న సంతోషం ఆవిడకు ఆఫీసులో కూడా ఆగేది కాదు. కాగితాలు తప్పుల్లేకుండా పడేవి. అది ప్రేమే. అప్పట్లో ఆ మాట తనకు తాను చెప్పుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత గూడ్సు బండి అడ్డొచ్చిన ఆ రోజు వచ్చింది. తొమ్మిదింటి బండి పోయాక గేటు లేవలేదు, వెనకే గూడ్సు తగులుకుంది. వ్యాగన్లు లెక్కపెడుతూ ఒక్కొక్కరే కాలు పెట్టేశారు. చివరికి అన్నయ్య మిగిలాడు. కాళ్ళు వణుకుతున్నా పెట్టలేదు. గేటు లేవగానే జెండా ఊగింది, వంపువాళ్ళు ఈలలు వేశారు. పట్టాలకు అవతల అందరూ గుమిగూడి అన్నయ్య వీపు తడుతుంటే, బరువులవాళ్ళలో రొట్టెలు మోసే ఆయన ఊరుకోక, "మా గుడ్లబ్బాయి కూడా పెట్టలేదండోయ్!" అన్నాడు.

నవ్వులే నవ్వులు. అన్నయ్య నవ్వు ఆపుకుంటూ గుడ్లతని వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమేనండీ. నేను రోజూ పెట్టను."

"రోజూనా! మరి రోజూ నడిచి దాటతావేం?"

"ఎక్కి దాటితే లోపల ఒక్కటీ మిగలదు కదండీ."

"బాగానే చెప్పావు. చూసినవాళ్ళెవరు?"

"నేను చూశాగా," అన్నాడు రొట్టెలాయన.

"బరువులవాడికి బరువులవాడు సాక్ష్యమా?" అన్నారు ఎవరో చెట్టు కింది గొంతుతో. గేట్‌మ్యాన్‌ను అడిగితే, "నేను బండిని చూస్తానా, మీ కాళ్ళు చూస్తానా?" అని విసుక్కున్నాడు.

అప్పుడు గుడ్లతను ఆవిడ వైపు చూశాడు. తను రోజూ చూస్తున్నట్టు అతనికీ తెలుసని ఆవిడకు అప్పుడే తెలిసింది. అతని చూపు వెంట అందరి తలలూ ఇటు తిరిగాయి. నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. రోజూ గుడ్లవాడి కాళ్ళు చూస్తూ నిలబడే కూతురు! ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

"నేను చూడలేదు. నాకేం తెలుసు?" అంది.

టైపులో తప్పు పడితే కొట్టేసి పక్కన మళ్ళీ కొట్టొచ్చు. ఆ రెండు ముక్కల్నీ ఏం చేయాలో ఆవిడకు ఈనాటికీ తెలీదు. అతని ముఖంలో కోపం కూడా రాలేదు. వస్తే బాగుండేది.

"దమ్ముంటే రేపు ఆ పెట్టెలు దింపి రా. మాలాగే నిలబడి, మాలాగే ఎక్కి దాటు," అన్నాడు అన్నయ్య.

మర్నాడు అతను నిజంగానే పెట్టెలు లేకుండా వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జనం పక్కకు జరిగి ముందు వరసలో చోటిచ్చారు. గేటు పడింది. అతను ఎప్పటిలాగే చక్రం తిప్పి పెడల్ వత్తాడు. మూడొందల గుడ్ల బరువుకు అలవాటుపడ్డ కాలు అది. ఖాళీ సైకిల్ ఒక్క గంతు వేసి పోయి గేటుకు కొట్టుకుంది. అతను కాలు కింద పెట్టాడు. బండి ఇంకా కూత కూడా వేయలేదు.

ఆ రోజు ఆ గేటు దగ్గర నవ్వినంతగా జనం ఎప్పుడూ నవ్వలేదు. చెట్టు కిందివాళ్ళూ, ముందు వరసవాళ్ళూ జన్మలో మొదటిసారి ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. నాన్న కూడా నవ్వాడు. అతను సైకిల్ దిగి, గేటు లేచేదాకా తలవంచుకు నిలబడి, నడిపించుకుంటూ దాటాడు. మళ్ళీ ఆ దారిన రాలేదు. కాలవ పక్కగా చుట్టు తిరిగి పోతున్నాడని, దానికి అరగంట ఎక్కువ పడుతుందని రొట్టెలాయన చెప్పాడు.

ఆ తర్వాత ఆవిడకు పెళ్ళయింది, పిల్లలయ్యారు, భర్త మంచివాడే, ఆరేళ్ళ కింద పోయాడు. జీవితంలో లోటని చెప్పుకోవాల్సినంత ఏమీ లేదు. అయినా నలభై ఏళ్ళుగా వంటింట్లో గుడ్డు పగలగొట్టినప్పుడల్లా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. కాలవ దగ్గర అతను గుడ్ల దుకాణం పెట్టాడని తెలిసి కూడా ఏనాడూ అటు వెళ్ళలేదు. ముఖం చెల్లలేదు.

అన్నయ్య ఫోన్ చేసిన మర్నాడు వెళ్ళింది.

అతను దుకాణంలో బల్బు ముందు కూర్చుని ఒక్కో గుడ్డూ వెలుగుకు పట్టి చూస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. తలెత్తకుండానే, "రండి టైపిస్టమ్మా. మోకాళ్ళు ఇబ్బంది పెడుతున్నట్టున్నాయే," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మెట్టెక్కడం వినిపించింది కదండీ."

ఆవిడ కూర్చోలేదు. "శనివారం గేటు ఆఖరు రోజు. మీరు రావాలి."

"నేనక్కడ ఎవరినండీ?"

"అందుకే రావాలి. నేనొక మాట చెప్పాల్సి ఉంది. మీరు లేకుండా చెబితే అదీ అబద్ధం లాంటిదే అవుతుంది."

అతను చేతిలోని గుడ్డును ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు, ట్రేలో పెట్టాడు, ఇంకోటి తీశాడు. "శనివారం డెలివరీలుంటాయండీ," అన్నాడు. ఆవిడ గుడ్లు కొనకుండానే వచ్చేసింది.

శనివారం గేటు దగ్గర బాగానే చేరారు. కవర్లవాళ్ళలో అయిదుగురు మిగిలారు, చెట్టు కొట్టేసి చాలా కాలమైనా సరిగ్గా చెట్టున్న చోటే నిలబడ్డారు. వంపువాళ్ళలో నలుగురు, నలుగురికీ పొట్టలు. కుర్రకారు కూడా వచ్చారు. హెల్మెట్లు, నల్ల కళ్ళద్దాలు. సైకిల్ బరువు గ్రాముల్లో చెప్పుకుంటున్నారు. బ్యాటరీ సైకిళ్ళవాళ్ళు వేరే గుంపుగా ఉన్నారు, గ్రాములవాళ్ళు వాళ్ళ వైపు చూడటం లేదు. ఆవిడకు నవ్వొచ్చింది. మనుషులు ఎక్కడికీ పోలేదు, సైకిళ్ళే మారాయి.

ఆవిడ తన పాత సైకిలే తెచ్చుకుంది. కవరు తుప్పు పట్టింది. వెనక్కి చూసింది. ఎండలో ఎవరూ లేరు.

గేటు పడింది. ముసలి గేట్‌మ్యాన్ సంచిలోంచి జెండా తీసి విప్పాడు. పచ్చదనం వెలిసి పాచిరంగు తేలింది. "ఈ గేటు ఉన్నన్నాళ్ళూ కాలు కింద పెట్టనివాడికి," అని అన్నయ్య వైపు చాచాడు. చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లలో ఆవిడకు వెనక నుంచి ఒక చెక్కపెట్టె మూత కొట్టుకుంటున్న శబ్దం వినిపించింది. తిరిగి చూడకుండానే తెలిసింది.

"ఆగండి," అంది. "ఆ జెండా అన్నయ్యది కాదు."

"ఏమిటమ్మాయ్ ఇది, అందరి ముందూ?" అన్నాడు అన్నయ్య.

"అందరి ముందే కదా అప్పుడు చూడలేదన్నాను." వెనక ఎండ వైపు చెయ్యి చూపింది. "చూశాను. నెలన్నర రోజులు, రోజూ చూశాను. ఆయన ఒక్కసారి కూడా కాలు కింద పెట్టలేదు. గుడ్లు పగులుతాయని దిగి నడిచాడు. ఆ సంగతి నాకు తెలుసు. నాన్న ఉన్నాడని భయపడి, గుడ్లబ్బాయిని చూస్తానంటే నా పరువేమవుతుందని సిగ్గుపడి, తెలీదన్నాను."

అన్నయ్య ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత ఆ ఎరుపంతా దిగిపోయింది. వెనక పెట్టెల సైకిల్ పట్టుకు నిలబడ్డ మనిషిని చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేనూ చూశానే," అన్నాడు మెల్లగా.

"ఏమిటి?"

"నిలుపు పట్టేవాడు ముందూ వెనకా ఉన్నవాళ్ళ కాళ్ళు చూడకుండా ఉంటాడా? అతనొచ్చిన మొదటి వారంలోనే చూశాను. పెట్టెలు దింపి రమ్మన్నది ఊరికే అన్నాననుకున్నావా? కొత్త చక్రాలతో పెరట్లో పదిహేను రోజులు పడ్డవాణ్ణి. బరువు మారితే ఏమవుతుందో నాకు తెలీదూ?"

నలభై ఏళ్ళు తనొక్కతే మోసిందనుకున్న తప్పు అది. అన్నయ్య కూడా మోస్తున్నాడని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. కోపం రావాలి, రాలేదు. ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలని మాత్రం అనిపించింది.

అన్నయ్య గేట్‌మ్యాన్ చేతిలోంచి జెండా తీసుకుని, కుంటుకుంటూ వెనక ఎండలోకి నడిచాడు. నలభై ఏళ్ళలో అటు వెళ్ళడం అదే మొదలు. జెండా రెండు చేతులా అందించాడు. అతను జెండాను తిప్పి చూసి, "మంచి గుడ్డేనండీ," అని మడిచి, గాలికి కొట్టుకుంటున్న పెట్టె మూత సందులో దోపాడు. చప్పుడు ఆగింది.

తొమ్మిదింటి బండి వచ్చింది, పోయింది. గేటు లేచింది. కుర్రాళ్ళు రివ్వున దూసుకుపోయారు. ముసలివాళ్ళు ఎలాగో సీట్లెక్కి, పట్టాల మీద ఎగిరిపడుతూ దాటారు. అతను మాత్రం సైకిల్ పక్కన నడుస్తూ వచ్చాడు.

"గుడ్లున్నాయా ఇవాళ?" అంది ఆవిడ.

"లేవండీ. అన్నీ ఇచ్చేసే వచ్చాను."

"మరి ఎక్కి దాటొచ్చుగా?"

"ఇక్కడికి రాగానే కాళ్ళు దిగమంటాయండీ. మీరెక్కండి, మీరెప్పుడూ ఎక్కే దాటేవారు కదా."

ఆవిడ ఎక్కలేదు. తన సైకిల్ పట్టుకుని అతని పక్కనే నడిచింది. పట్టాల మధ్య కంకర మీద మోకాళ్ళు నొప్పెట్టాయి. అతను ఆవిడ కోసం అడుగు తగ్గించాడు. రెండో పట్టా దాటుతుండగా, నేల చూస్తూనే అన్నాడు.

"ఆ రోజు చూశానని మీరు ఒక్క మాట అని ఉంటే, నేను పెట్టెలు దింపేవాణ్ణి కాదండీ."

"తెలుసు," అంది ఆవిడ.

ఇద్దరూ అవతలికి చేరారు. వెనక గేటు మళ్ళీ దిగలేదు.